వెన్నుపూస ఒక్కటి దొరికితే

గుంటూరు బ్రాడీపేట నుంచి బైపీసీ చదివే ఒక అమ్మాయి అడిగింది: "కోట్ల ఏళ్ల కిందటి సాలమాండర్‌ను చిన్న ఎముకతో గుర్తుపట్టామంటారు. అది ఊహ కాదా సార్?"

సాలమాండర్ చూడటానికి మన గోడ మీది బల్లిలా ఉంటుంది గానీ, చుట్టరికం కప్పతో. కృష్ణా తీరంలో లేదు. మన దేశంలో డార్జిలింగ్ వైపు, ఈశాన్య కొండల్లో ఉంది. మన పంచాంగం రాసేవాళ్ల కంట పడలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే బల్లిపాటు పక్కన దీని పాటు ఫలితాలు కూడా వచ్చేవి.

మొత్తం అస్థిపంజరం దొరకడం అదృష్టం. ఎక్కువగా జరిగేది, మట్టిని నీళ్లలో కడిగి, సన్నటి జల్లెడ పట్టి, మిగిలిన నలుసుల్ని మైక్రోస్కోపు కింద ఏరడం. పుర్రె పలుచన, ముక్కలైపోతుంది. వెన్నుపూసలు గట్టివి, పైగా ఒక్కో జంతువుకు పదుల్లో ఉంటాయి.

బుడబుక్కలవాడి డమరుకం తోళ్లు పీకేశారనుకోండి. నడుము సన్నం, రెండు వైపులా గుంట. చైనాలో ఉండే భారీ రకం, రాక్షస సాలమాండర్, వెన్నుపూస అదే. దీన్ని ఆంఫిసీలస్ అంటారు. ఆ గుంటల్లో నోటోకార్డ్ అనే మెత్తటి కడ్డీ పెద్దయ్యాక కూడా మిగిలే ఉంటుంది. ఇప్పుడు డమరుకం ముందు మూతిలో గుండు బిగించి, వెనక మూతిని గుంటగానే వదిలేయండి. ఈ గుండు ముందున్న డమరుకం గుంటలో కూర్చుంటుంది. న్యూట్లు అనే చిన్న సాలమాండర్ల కుటుంబానిది ఇలాంటిదే, దీని పేరు ఒపిస్తోసీలస్. అయితే గుంటలు చూసి ఆగిపోకూడదు, వేరే కుటుంబాల్లోనూ ఆంఫిసీలస్ ఉంది. డమరుకం పక్కన సన్న బెజ్జం ఉందా చూడాలి. న్యూట్ మొండెంలో వెన్ను నరం ఎముకలోని బెజ్జం గుండానే బయటికొస్తుంది. రాక్షస సాలమాండర్‌కు రెండు పూసల మధ్య సందులోంచి వస్తుంది. న్యూట్ పక్కటెముకకు రెండు తలలు కాబట్టి, దాని డమరుకం పక్కలకు కూడా రెండేసి కొమ్ములుంటాయి.

కప్పకు ఎనిమిదో వెన్నుపూస ఒక్కటే ఆంఫిసీలస్ అని విజయవాడ హాస్టళ్లలో పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఎందుకంటే అది బిట్టు. ఆ ఎముకను వాళ్ల చేతిలో పెట్టేవాళ్లు మాత్రం తక్కువ.

అన్నిటికన్నా విలువైనది మెడ పూస, అట్లాస్. సాలమాండర్‌కు మెడలో ఉండేది అదొక్కటే. పుర్రె కూర్చోవడానికి రెండు పళ్లేలు, వాటి మధ్యలోంచి ముందుకు పొడుచుకొచ్చిన చిన్న నాలుక. కప్ప అట్లాస్‌కు ఆ నాలుక ఉండదు. మిల్లీమీటర్ల ముక్కయినా అది కనిపిస్తే అనుమానం తీరినట్టే.

చూడటం చేతకాకపోతే ఏమవుతుందో షోయిక్జర్ అనే స్విస్ డాక్టరు చూపించాడు. జర్మనీలోని ఓనింగెన్‌లో దొరికిన అస్థిపంజరాన్ని 1726లో నోవహు జలప్రళయంలో మునిగిన మనిషిదని ప్రకటించాడు. డాక్టరు కదా, మనిషి వెన్నుపూస ఎలా ఉంటుందో తెలియదా! కావాలనుకున్నది కనిపిస్తే చదువు అడ్డం రాదు. 1811లో నెదర్లాండ్స్‌లో హార్లెమ్‌లోని టేలర్స్ మ్యూజియంలో ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియే ఆ రాతిని ఉలితో చెక్కించాడు. అతను ముందే ఊహించి చెప్పినట్టు రాక్షస సాలమాండర్ ముంగాళ్లు బయటపడ్డాయి.

అమ్మాయి ప్రశ్నకు వస్తే, కుటుంబం వరకు ఊహ కాదు. యూరప్‌లో దొరికే కెలోట్రైటాన్ అనే అంతరించిన న్యూట్‌కు పూసల నెత్తిన గరుకైన ముక్కోణపు పలక ఉంటుంది. దానికీ మన డార్జిలింగ్ న్యూట్‌కూ దగ్గరి పోలిక. జాతి దగ్గరికొచ్చేసరికే టెన్షన్. ఒకే జంతువులో మెడ దగ్గరి పూసకూ తోక దగ్గరి పూసకూ తేడా, పిల్లకూ పెద్దకూ తేడా. కొన్ని సాలమాండర్లు మొప్పలు వదలకుండానే పెద్దవవుతాయి, వాటి ఎముకలూ పిల్లవాటిలాగే ఉంటాయి. పది పూసలు పక్కపక్కన పెట్టి చూడకుండా కొత్త పేరు పెట్టేవాళ్లను నేను నమ్మను.

షోయిక్జర్ శిలాజానికీ ఇప్పటి చైనా రాక్షస సాలమాండర్‌కూ ఎముకల్లో తేడా ఎంత తక్కువంటే, రెండూ ఒకే జాతి అన్నవాళ్లున్నారు. ఆ చైనా జంతువే 2019లో మ్యూజియం నమూనాల డీఎన్ఏ పరీక్షిస్తే కనీసం మూడు జాతులని పరిశోధకులు తేల్చారు. ఓనింగెన్ రాళ్లలో అలాంటి డీఎన్ఏ మిగల్లేదు.