ముసలమ్మ కదురు, అమ్మ తిరగలి

పిల్లలూ,

మా మనవరాలు చిన్నికి ఎనిమిదేళ్ళు. పోయిన ఏప్రిల్‌లో నేను ఇటలీలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాను. వాడు నన్ను సిసిలీ ద్వీపంలోని సెలినుంటేకు తీసుకెళ్ళి పాత గ్రీకు గుళ్ళు చూపించాడు. ఆ రాత్రే ఫొటోలు ఇంటికి పంపాను. గడ్డిలో పడి ఉన్న ఒక రాతి స్తంభాన్ని చూసి చిన్ని వెంటనే అడిగింది: "తాతయ్యా, ఈ స్తంభాన్ని అరటికాయలా చక్రాలు చక్రాలుగా ఎవరు తరిగారు?"

ఎవరూ తరగలేదమ్మా అని ఫోనులో ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను. పడుకున్నాక మనసొప్పలేదు. అంత మంచి ప్రశ్నకు అంత చిన్న జవాబా? అందుకే ఈ ఉత్తరం. చిన్నికి రాస్తున్నదే మీ అందరికీ.

ఇటలీలో గ్రీకు గుళ్ళేమిటని మీలో పెద్దవాళ్ళు అడుగుతారు. ఒకప్పుడు మనవాళ్ళు బతుకుతెరువు కోసం ఓడెక్కి రంగూన్ వెళ్ళినట్టే, గ్రీకులు సాగుభూమి వెతుక్కుంటూ ఓడలెక్కి సిసిలీ తీరాలకు వచ్చారు. క్రీస్తు పూర్వం 7వ శతాబ్దంలో సముద్రాన్ని ఆనుకుని ఈ ఊరు కట్టుకున్నారు. పక్కనున్న ఏటి ఒడ్డున సెలినాన్ అనే ఆకు మొక్క విరివిగా మొలిచేది. దాని పేరే ఊరికి పెట్టుకున్నారు, మనకు చింతలపూడి ఉన్నట్టు. వాళ్ళ వెండి నాణేల మీద కూడా ఆ ఆకు బొమ్మే. మాకు దారి చూపిస్తూ అన్నీ వివరించిన అమ్మాయి ఒకచోట వంగి ఆ మొక్కను చూపించింది. అచ్చం కొత్తిమీరలా ఉంది. ఆకు కొస నలిపి వాసన చూడమంది. కొత్తిమీరలో వాము కలిపినట్టు ఘాటుగా తగిలింది. కూరలో వేసుకునే ఆకును నాణెం మీద వేసుకున్న ఆ ఊరివాళ్ళ మీద నాకు అక్కడే ఇష్టం కలిగింది.

అక్కడి గుళ్ళను ఎ, బి, సి అని అక్షరాలతో పిలుస్తారు, మీ బడిలో సెక్షన్లలాగా. ఇ గుడి మాత్రం హీరా దేవతదని చెబుతారు. దాని స్తంభాలను 1950లలో మళ్ళీ నిలబెట్టారు. ఫొటోలు తీసుకునేవాళ్ళంతా అక్కడే ఉన్నారు. చూడటానికి అందంగానే ఉంది. కానీ నిలబడిన స్తంభం తన గుట్టు చెప్పదు. పడిపోయినదాన్ని చూస్తేనే లోపల ఏముందో తెలుస్తుంది. అందుకే నేను పక్కనున్న జి గుడి దగ్గర ఎక్కువసేపు ఉండిపోయాను.

జి గుడి ఇప్పుడు ఒక రాళ్ళ కొండ. కట్టేటప్పుడు పొడవు 110 మీటర్లకు పైనే, వెడల్పు 50 మీటర్లకు పైనే. చుట్టూ 46 స్తంభాలు పెట్టాలని తలపెట్టారు. ఒక్కొక్కటి 16 మీటర్ల ఎత్తు, అంటే అయిదంతస్తుల మేడంత. క్రీస్తు పూర్వం 530 ప్రాంతంలో మొదలుపెట్టారు. నూరేళ్ళు దాటినా పూర్తి కాలేదు. తరవాతి శతాబ్దాల్లో భూకంపాలు వచ్చి ఉన్నదంతా కూల్చేశాయి. 1832లో ఒక్క స్తంభాన్ని మాత్రం మళ్ళీ నిలబెట్టారు. ఆ రాళ్ళ కొండ మధ్యలో అది ఒంటరిగా నిలుచుని ఉంటుంది. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు దానికి పెట్టిన పేరు ముసలమ్మ కదురు! కదురంటే నూలు వడికే సన్నటి పుల్ల, రాట్నానికి ఉంటుంది. అంతటి కదురు చేతబట్టే ముసలమ్మ ఎంత పొడవుండాలో, ఆవిడ వడికిన నూలు ఎంత దూరం పోవాలో చిన్నీ, నువ్వే బొమ్మ వేసి చూడు.

ఆ కొండ అంచున స్తంభం ముక్క ఒకటి పక్కకు ఒరిగి ఉంది. దాని పక్కన నిలబడి చెయ్యి పైకెత్తాను. అంచు అందలేదు. అడ్డంగా మూడు మీటర్లు దాటిన రాతి చక్రం అది.

ఇక చిన్ని ప్రశ్న దగ్గరికి వస్తాను. ఆ ఫొటోలో ఉన్న స్తంభం ముక్కల్ని దగ్గరగా చూస్తే ఒక్కొక్కదాని ముఖం మీద సరిగ్గా నడిమధ్యలో నలుచదరంగా ఒక గుంట ఉంది, అరచెయ్యి పట్టేంత. దాన్ని చూడగానే నాకు మా అమ్మ తిరగలి గుర్తొచ్చింది.

మా చిన్నప్పుడు తెల్లవారుజామున అమ్మ కందులు విసురుతుంటే ఆ చప్పుడుకే మెలకువ వచ్చేది. తిరగలి అంటే రెండు గుండ్రటి రాళ్ళు. కింది రాయి నడుమ నిలువుగా ఒక మేకు ఉంటుంది. కొన్ని ఇళ్ళలో అది ఇనుపది, మా ఇంట్లో కొయ్యది. పై రాతి కన్నంలోకి ఆ మేకు దూరేలా రాయిని మెల్లగా దించాలి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు బిళ్ళంగోడు ఆటకు బిళ్ళ కావలసి వచ్చింది. వీధిలో ఎక్కడా నాకు నచ్చిన ముక్క దొరకలేదు. తిరగలి మేకు నున్నగా, కొలిచి చేసినట్టు ఉంది. పీక్కుపోయాను. సాయంత్రం ఆటలో అది చెరువులో పడిపోయింది.

మర్నాడు అమ్మ తిరగలి పట్టింది. పై రాయి ఒకసారి ఇటు జారింది, ఒకసారి అటు జారింది. కందులు సగం నలిగి, సగం చుట్టూ చిందాయి. అమ్మ రాయి ఎత్తి చూసి, నా వైపు చూసి, "ఇంత రాయీ ఆ పుల్ల మీదే నడుస్తోందిరా" అంది. కొట్టలేదు. వడ్రంగి దగ్గరికి నన్నే పంపి కొత్త మేకు చేయించింది. కనబడని చోట ఉన్న వస్తువును పనికిరానిదనుకోవడం ఆ రోజుతో మానేశాను. మీరు కూడా మానండి.

గ్రీకు మేస్త్రీలు చేసింది కూడా మా తిరగలి పనే. అంత లావు స్తంభాన్ని ఒకే రాయిగా తవ్వి తీయడం, ఈడ్చుకురావడం, ఎత్తి నిలబెట్టడం కష్టం. అందుకని చక్రాలుగా చెక్కి తెచ్చారు. ప్రతి చక్రం నడుమ గుంటలో కొయ్య దిమ్మ బిగించి, రెండు చక్రాల దిమ్మలకు మధ్య ఒక కొయ్య మేకు పెట్టారు. పైచక్రాన్ని తాళ్ళతో ఎత్తి దించుతుంటే ఆ మేకే దాన్ని సరిగ్గా కిందిదాని నడిమధ్యకు చేరుస్తుంది. సున్నం లేదు, జిగురు లేదు. రాయి బరువే రాయిని పట్టి ఉంచుతుంది. ఏథెన్సు కొండ మీది గుళ్ళలో స్తంభాల రాళ్ళు విడదీసినప్పుడు అలాంటి కొయ్య ముక్కలు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ళు దాటినా కొయ్య కొయ్యగానే ఉంది! రాళ్ళు గాలి చొరనంత బిగుతుగా కూర్చోబట్టే కదా.

తిరగలిలో పై రాయి తిరగాలి, స్తంభంలో తిరగకూడదు. ఆ తేడా ఉంది. ఇంకో తేడా కూడా ఉంది. మా వీధిలోకి ఏడాదికోసారి కక్కు కొట్టేవాడు వచ్చి ఉలితో తిరగలి ముఖాన్ని గరుకు చేసి వెళ్ళేవాడు. గ్రీకు మేస్త్రీ చక్రం అంచును చుట్టూ నున్నగా తీర్చేవాడు, అతుకు దారమంత కూడా కనబడకూడదని. అయినా నా కళ్ళకు ఆ స్తంభాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చిన తిరగళ్ళే.

స్తంభానికి పై నుంచి కిందికి ఉండే నిలువు గాడులను ఇలాంటి గుళ్ళలో సాధారణంగా ఇరవై చెక్కుతారు. రాళ్ళు మోసేటప్పుడు వాటి అంచులు విరుగుతాయి కనుక నిలబెట్టాక చివరగా చెక్కుతారు. జి గుడి రాళ్ళలో గాడులున్నవీ ఉన్నాయి, నున్నగా మిగిలినవీ ఉన్నాయి. పని ఎక్కడిదక్కడ ఆగిపోయింది. క్రీస్తు పూర్వం 409లో ఆఫ్రికా తీరం నుంచి కార్తేజ్ సేన ఓడల మీద వచ్చి ఊరిని ముట్టడించింది. తొమ్మిది రోజులు పోరాడారు. ఆడవాళ్ళు, పిల్లలు ఇళ్ళ కప్పుల మీది నుంచి రాళ్ళు, పెంకులు విసిరారు. సిసిలీలోనే ఉన్న మరో గ్రీకు నగరం సిరక్యూస్ నుంచి రావలసిన సాయం వేళకు అందలేదు. ఆ తరవాతిది మీకు రాయను.

మధ్యాహ్నం మా అబ్బాయి నన్ను పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న కూసా రాతి గని దగ్గరికి తీసుకెళ్ళాడు. గుడికి రాళ్ళు తెచ్చింది అక్కడి నుంచే. ఆలివ్ చెట్ల మధ్య కాలిబాట. మేమిద్దరమే ఉన్నాం. చెట్ల వెనక నేలలోంచే పుట్టినట్టు రెండు రాతి చక్రాలు పక్కపక్కన కనిపించాయి. చుట్టూ మనిషి దిగి పని చేసుకునేంత వెడల్పున గాడి తవ్వారు. అడుగు మాత్రం ఇంకా నేలరాతికే అంటుకుని ఉంది. తెంపలేదు. తెంపిన చక్రాలు మరికొన్ని గనిలో ఉన్నాయి, గుడికి వెళ్ళే దారిలోనూ కొన్ని ఉండిపోయాయి.

నేను వంగి గాడి గోడ మీద చెయ్యి పెట్టాను. ఉలి దెబ్బలు ఏటవాలుగా వరసగా ఉన్నాయి, ఒక్కోటి వేలు పట్టేంత. నా వేలు ఒకదాని తరవాత ఒకటి దాటుకుంటూ పోయింది. కొంత దూరం వెళ్ళాక దెబ్బలు లేవు, మామూలు రాయి. వేలు అక్కడే ఉంచి చాలాసేపు కూర్చున్నాను. ఎండ తగ్గిపోతోందని మా అబ్బాయి రెండుసార్లు పిలిచాడు.

చిన్నీ, వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్తావు కదా. అటక మీద పాత తిరగలి ఉందేమో అడుగు. మీరంతా కూడా అడగండి. పెద్దవాళ్ళ చేత కిందికి దింపించి, పై రాయి ఎత్తించండి. వేళ్ళు జాగ్రత్త. నడుమ మేకు ఇనుపదో కొయ్యదో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య