స్ట్రాంగిల్స్: నయమైన గుర్రంలోనూ దాగుండే జబ్బు

దవడ కింద గట్టి వాపు, ముక్కుల నుంచి చిక్కటి చీము, మేత మింగలేక మెడ ముందుకు సాచి నిలబడటం. ఇవి చూస్తే గుర్రాలతో మెలిగేవాళ్లెవరైనా స్ట్రాంగిల్స్ అని గుర్తుపడతారు. కానీ అప్పటికే ఆలస్యమైపోతుంది.

దీనికి కారణం స్ట్రెప్టోకాకస్ ఈక్వి అనే బాక్టీరియా. నోటి ద్వారానో ముక్కు ద్వారానో చేరి, దవడ కింద, గొంతు వెనక ఉన్న లింఫ్ గ్రంథుల్లో స్థిరపడుతుంది. సాధారణంగా 3 నుంచి 14 రోజుల్లో జ్వరం వస్తుంది. ముక్కు నుంచి బాక్టీరియా బయటపడేది మాత్రం జ్వరం వచ్చిన 2, 3 రోజులకు. మనకు దొరికే అదను ఆ రెండు రోజులే. అందుకే శాలలో ఒక్క కేసు కనబడ్డా మిగతా గుర్రాలన్నిటికీ ఉదయం, సాయంత్రం థర్మామీటర్ పెట్టాలి. 101.5 ఫారన్‌హీట్ దాటిన గుర్రాన్ని చీము కోసం ఎదురుచూడకుండా వెంటనే వేరు చేయాలి. బాక్టీరియా నీళ్లలో వారాల తరబడి బతుకుతుంది కాబట్టి అందరికీ ఒకే తొట్టి ఉంటే ఈ శ్రమంతా వృథా. జబ్బు గుర్రానికి చేసే పనులు అన్నిటికన్నా చివర్లో పెట్టుకోవాలి. దాని బకెట్టు, కళ్లెం, బ్రష్షు ఇంకో గుర్రం దగ్గరికి పోకూడదు.

దవడ కింద లేచిన గడ్డను తొందరపడి కోయకూడదు. గట్టిగా ఉండగా కోస్తే చీము రాదు, పుండు మిగులుతుంది. వేడి కాపడం పెడుతూ ఉంటే చర్మం పలచబడి, వెంట్రుకలు రాలి, వేలికి మెత్తగా తగులుతుంది. అప్పుడు పశువైద్యుడు అడుగు భాగాన గాటు పెట్టి, పల్చటి పోవిడోన్ అయోడిన్‌తో కడుగుతారు. గడ్డ లేచాక పెన్సిలిన్ ఇస్తే పక్వానికి రావడం ఆలస్యమవుతుంది. ఊపిరి ఆడకపోతేనో, గుర్రం బాగా నీరసిస్తేనో మాత్రం ఇవ్వక తప్పదు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. గుర్రానికి గొంతు పైభాగంలో, రెండు వైపులా గట్టరల్ పౌచ్‌లనే గాలి సంచులుంటాయి. గొంతు వెనక గడ్డ వీటిలోకి పగిలితే కొన్ని గుర్రాల్లో చీము పూర్తిగా బయటికి పోదు. ఎండి, గులకరాళ్లలా గట్టిపడుతుంది. గుర్రం చక్కగా మేస్తూ, పరుగెడుతూ, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి జబ్బు పంచుతూనే ఉంటుంది. కొత్తగా కొన్న ఆరోగ్యమైన గుర్రంతో శాలలోకి జబ్బు రావడానికి పెద్ద కారణం ఇదే.

కాబట్టి లక్షణాలు తగ్గిన 3 వారాల తర్వాత ఎండోస్కోప్‌తో, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో, రెండు సంచులనూ చూసి, కడిగిన నీటిని పీసీఆర్ పరీక్షకు పంపాలి. ముక్కు స్వాబ్ ఒక్కటే తీసి సరిపెట్టుకోవడం ప్రమాదం. గట్టిపడిన చీముండలుంటే ఎండోస్కోప్ ద్వారానే తీసేసి, పెన్సిలిన్ కలిపిన జెలటిన్‌ను సంచుల్లో నింపుతారు. అది జారిపోకుండా 20 నిమిషాలు తల ఎత్తి ఉంచాలి.

2021లో యూరప్‌లో అనుమతి పొందిన స్ట్రాంగ్‌వాక్ టీకాలో బతికున్న బాక్టీరియా లేదు, ప్రొటీన్లే ఉన్నాయి. కండకు 4 వారాల తేడాతో రెండు డోసులు వేస్తారు. టీకా వేసిన గుర్రాన్నీ, జబ్బు తగిలిన గుర్రాన్నీ రక్తపరీక్షలో వేరుగా గుర్తించవచ్చు. రెండో డోసు తర్వాత రక్షణ సుమారు 2 నెలలు ఉంటుందని నిరూపణ అయింది కాబట్టి, పందేలకో అమ్మకాలకో గుర్రాలు కలిసే రోజులను లెక్కవేసుకుని టీకా వేయించాలి.