నాలుగు రోజుల ముందు ‘సంతృప్తికరం’

అమెరికా బొగ్గు గనుల్లో వ్యర్థాల కట్టలకు సంబంధించిన తనిఖీ నిబంధనలు చదవబోతే ముందు విసుగు పుడుతుంది. ఏడు రోజులు, ఎనిమిది గంటలు, అయిదు అడుగులు... ఎటు చూసినా అంకెలే. ఒక లోయ మొత్తం కొట్టుకుపోయాక గాని ఆ అంకెలు రాయాలని ఎవరికీ తోచలేదు.

తవ్విన బొగ్గును శుభ్రం చేస్తే రాయీ మట్టీ ఒకవైపు, బొగ్గు పొడి కలిసిన నల్లటి బురదనీరు మరోవైపు మిగులుతాయి. వెస్ట్ వర్జీనియా, కెంటకీ కొండల్లో చదును నేల తక్కువ. అందుకే కంపెనీలు రాతి చెత్తను లోయకు అడ్డంగా పోసి, దాని వెనక బురదనీటిని నిలిపేవి. చూడటానికి ఆనకట్టలా ఉంటుంది. నిజానికి లారీలు కుమ్మరించిన కుప్ప.

మొదటి హెచ్చరిక సముద్రం అవతల నుంచి వచ్చింది. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో ఊటల మీద పోసిన వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది చనిపోతే వారిలో 116 మంది పిల్లలు. బ్రిటన్ 1969లో గుట్టల కోసమే ఒక చట్టం చేసుకుంది. అమెరికా భూగర్భ శాస్త్రవేత్తలు కూడా అప్పట్లో తమ కొండల్లోని గుట్టలను చూసివచ్చారు. వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్ లోయ ఎగువన ఉన్న కట్ట తెగే ప్రమాదం ఉందని రాసిపెట్టారు. ఆ కాగితం అక్కడే ఆగింది.

1969 నాటి అమెరికా గని భద్రతా చట్టానికి కారణం వేరే ప్రమాదం. అంతకు ముందు ఏడాది ఫార్మింగ్టన్ గని పేలి 78 మంది మరణించారు. దాంతో చట్టం చూపంతా భూమి లోపలే ఉండిపోయింది. పైనున్న కట్టల గురించి దాని కింద వచ్చిన నిబంధన చెప్పింది ఒక్క ముక్క: తెగితే ప్రమాదమయ్యే కట్ట దృఢంగా ఉండాలి, వారానికోసారి చూడాలి. దృఢం అంటే ఎంత? చూసినవాడు ఎవరికి చెప్పాలి? జవాబు లేదు.

బఫెలో క్రీక్‌లో మూడో కట్టను రెండో కట్ట వెనక పేరుకున్న బురద మీదే పోశారు. సరైన అలుగు లేదు. 1972 ఫిబ్రవరి 22న ప్రభుత్వ తనిఖీ అధికారి చూసి ‘సంతృప్తికరం’ అన్నారు. 26 ఉదయం గండి పడింది. దాదాపు 50 కోట్ల లీటర్ల నీరు లోయలోకి దూకింది. 125 మంది చనిపోయారు, నాలుగు వేల మందికి పైగా ఇళ్లు కోల్పోయారు. నీరు పెరుగుతున్న సంగతి కంపెనీ మనుషులకు ముందే తెలుసు. కింది ఊళ్లకు మాత్రం ఎవరూ సరైన హెచ్చరిక పంపలేదు. ఇది దైవ ఘటన అని యాజమాన్య సంస్థ పిట్‌స్టన్ చెప్పుకుంది. కట్ట పోసింది దైవం కాదు గదా!

1975లో వచ్చిన కొత్త నిబంధనలను ఈ కథ పక్కన పెట్టుకుని చదవాలి. నీరు 20 అడుగుల ఎత్తున నిలిచినా, అయిదు అడుగుల ఎత్తున నిలిచి 20 ఎకరాల్లో అడుగు లోతుకు సరిపడా నీరు పట్టినా, ఆ కట్ట నిబంధన కిందికి వస్తుంది. నమూనాకు ముందస్తు ఆమోదం కావాలి. అర్హత గల మనిషి ఏడు రోజులకోసారి పరిశీలించి రాయాలి. ప్రమాద సూచన కనబడితే గని భద్రతా సంస్థ జిల్లా అధికారికి తెలియజేయాలి, గని ఆవరణలోని కార్మికులకు చెప్పి అవసరమైతే వారిని తరలించేందుకు సిద్ధపడాలి, ఎనిమిది గంటలకోసారి మళ్లీ చూడాలి. ‘దృఢంగా’ అన్న మాట పోయి కొలతలు వచ్చాయి. నా మటుకు, ప్రమాదం సంగతి చెప్పడాన్ని విధిగా మార్చడమే అన్నిటికన్నా పెద్ద మార్పు. అయితే వారం వారం చూసే ఆ మనిషిని నియమించేది ఇప్పటికీ కంపెనీయే.

1992లో పట్టు కొంత సడలింది. కట్టలో మార్పేమీ లేదని ఇంజనీరు ధ్రువీకరిస్తే ఏటా పూర్తి నివేదిక ఇవ్వక్కర్లేదు, అయిదేళ్లకోసారి ఇస్తే చాలు.

2000 అక్టోబరు 11న కెంటకీలోని మార్టిన్ కౌంటీలో కట్ట చెక్కుచెదరలేదు. దాని వెనకున్న బురద చెరువు అడుగు కుంగి, 115 కోట్ల లీటర్లకు పైగా బురద కిందనున్న గనిలోకి దిగి, అక్కడి నుంచి వాగుల్లో పడింది. ఎవరూ చనిపోలేదు, వాగుల్లో చేపలు మిగల్లేదు. అదే చెరువు 1994లోనూ అలాగే గనిలోకి కారింది.