రన్ అవుట్ అంటే క్రికెట్ ఒక్కటే కాదర్రా

పిల్లలూ,

ఇంట్లో పాలు అయిపోతే మీరంతా "మిల్క్ ఈజ్ కంప్లీటెడ్" అనేస్తున్నారు. కంప్లీట్ అనేది హోంవర్కుకి, కట్టే ఇంటికి సరిపోతుంది గానీ వాడి వాడి ఖాళీ అయిన సరుక్కి కాదు. దానికి "రన్ అవుట్ ఆఫ్" అనాలి.

ఇక్కడ తిరకాసు ఏంటంటే తెలుగులో అయిపోయేది పాలు, ఇంగ్లీషులో మాత్రం మనుషుల్ని ముందు పెడతారు, "వుయ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్" అని. లేదు నేను పాలతోనే మొదలుపెడతా అంటే సరే, అప్పుడు ఆఫ్ తీసెయ్యండి, "ద మిల్క్ హాజ్ రన్ అవుట్". నిన్నటి సంగతైతే "ర్యాన్ అవుట్", కానీ హావ్, హాజ్ పక్కన మళ్ళీ రన్ అనే రావాలి, పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే.

మనుషులే కాదు, బండి కూడా ముందు రావచ్చు. 1983 జులై 23న ఎయిర్ కెనడా వాళ్ళ బోయింగ్ 767 విమానానికి దారి మధ్యలో, 41 వేల అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయింది, "ద ప్లేన్ ర్యాన్ అవుట్ ఆఫ్ ఫ్యూయెల్". ఇంధనం ఎంతుందో చూపించే మీటర్లు పనిచెయ్యక చేత్తో లెక్కలేశారు, కిలోల్లో చూడాల్సింది పౌండ్ల లెక్కలో చూసేసరికి కావాల్సిన దాంట్లో సగం కూడా పడలేదు! ఇంజన్లు రెండూ ఆగిపోయినా పైలట్లు దాన్ని గాల్లో తేలించుకుంటూ గిమ్లీ అనే ఊళ్ళో పాత ఎయిర్‌బేస్ రన్‌వే మీద దించేశారు, ఎవరి ప్రాణమూ పోలేదు. (యూనిట్లు రాయలేదని మీ లెక్కల సార్ మార్కులు కోస్తే ఇంక గొణక్కండి.)

ఇంకా పూర్తిగా అయిపోలేదు, అయిపోవస్తోంది అనుకోండి, "వుయ్ ఆర్ రన్నింగ్ అవుట్ ఆఫ్ టైమ్" అనాలి. టైమ్, డబ్బులు, ఓపిక, ఐడియాలు అన్నిటికీ ఇదే పనికొస్తుంది. ఆఫ్ బదులు ఆన్ పెట్టారో అర్థమే మారిపోతుంది, రన్ అవుట్ ఆన్ అంటే నమ్ముకున్నవాళ్ళని వదిలేసి పోవడం.

ఇక మీ క్రికెట్ సంగతి. 2019 వరల్డ్ కప్ సెమీస్‌లో న్యూజిలాండ్ ఆటగాడు గప్టిల్ త్రోకి ధోనీ అవుటయ్యాడు కదా, దాన్ని "ధోనీ వాజ్ రన్ అవుట్" అనాలి, వాజ్ ఉండి తీరాలి. వాజ్ లేకుండా "ధోనీ ర్యాన్ అవుట్" అంటే ఆయన బయటికి పరిగెత్తాడని అర్థం వస్తుంది.

మీ తాతయ్య