గ్రాఫ్ పచ్చగా ఉంటే సర్వీస్ బాగున్నట్టేనా? డాష్‌బోర్డులపై అపోహలు - వాస్తవాలు

మానిటరింగ్ పని చేసేవాళ్ళకు తరచూ ఎదురయ్యే కోరిక ఒకటుంది: “మా సర్వీస్‌కి ఓ మంచి డాష్‌బోర్డ్ చేసిపెట్టండి.” అందులో ఏమేం చూడాలనుకుంటున్నారని అడిగితే “అన్నీ” అంటారు. అసలు తంటా ఆ “అన్నీ” దగ్గరే మొదలవుతుంది. సర్వర్ల కొలతలను పోగుచేసే ప్రొమీథియస్, వాటిని గ్రాఫులుగా చూపే గ్రఫానా వాడే టీముల్లో నాకు పదేపదే కనబడే అపోహలు ఇవి. వేరే టూల్స్ వాడేవాళ్ళకూ వీటిలో చాలావరకు వర్తిస్తాయి.

అపోహ: ప్యానెళ్ళు (తెర మీది గ్రాఫ్ పెట్టెలు) ఎంత ఎక్కువుంటే అంత మంచిది

సర్వర్ కొలతలను ప్రొమీథియస్‌కి అందించే నోడ్ ఎక్స్‌పోర్టర్ ఆన్ చేస్తే చాలు, వందల మెట్రిక్స్ (కొలతలు) వచ్చి పడతాయి. వచ్చినవన్నీ తెర మీదికి ఎక్కిస్తే అది సరుకుల జాబితా అవుతుంది గానీ డాష్‌బోర్డ్ కాదు. అర్ధరాత్రి అలర్ట్‌కి లేచిన మనిషికి మొదట కావలసింది ఒక్క జవాబు: యూజర్లు ఇబ్బంది పడుతున్నారా, లేదా? పై వరుస మొత్తం దానికే కేటాయించాలి. రిక్వెస్టులు ఎన్ని వస్తున్నాయి, ఎన్ని ఫెయిలవుతున్నాయి, ఎంతసేపు పడుతోంది అనే ఈ మూడింటినీ టామ్ విల్కీ రెడ్ (రేట్, ఎర్రర్స్, డ్యూరేషన్) పద్ధతి అన్నారు. గూగుల్ వాళ్ళు 2016లో తెచ్చిన ఎస్ఆర్ఈ (సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్) పుస్తకం వీటికి సాచురేషన్‌ను, అంటే వనరులు ఎంతవరకు నిండాయన్నదాన్ని, కలిపి నాలుగు గోల్డెన్ సిగ్నల్స్ అంది. రెండో వరుసలో ఈ సర్వీస్ ఆధారపడే డేటాబేస్, క్యూ, బయటి ఏపీఐలు ఉండాలి. సీపీయూ, డిస్క్ లాంటివి అన్నిటికన్నా కింద. వాటికి బ్రెండన్ గ్రెగ్ చెప్పిన యూజ్ పద్ధతి బాగా పనికొస్తుంది: ప్రతి వనరుకీ వాడకం, సాచురేషన్, ఎర్రర్లు చూడడం.

చాలా డాష్‌బోర్డుల్లో ఈ వరుస తలకిందులుగా ఉంటుంది. సీపీయూ మెట్రిక్ తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి అది పైకెక్కి కూర్చుంటుంది. ఫెయిలైన చెకౌట్లు లెక్కపెట్టాలంటే కోడ్ ముట్టుకోవాలి కాబట్టి అది అసలు ఉండదు.

అపోహ: సగటు లేటెన్సీ (జవాబుకి పట్టే సమయం) బాగుంటే యూజర్లు బాగున్నట్టే

వంద రిక్వెస్టుల్లో 98 రిక్వెస్టులు 50 మిల్లీసెకన్లలో, మిగతా రెండు 5 సెకన్లలో పూర్తయ్యాయనుకోండి. సగటు 149 మిల్లీసెకన్లు. గ్రాఫ్ చూసి ఎవరూ ఉలిక్కిపడరు. ఆ రెండు రిక్వెస్టులు పేమెంట్ పేజీవైతే మాత్రం సపోర్ట్ టీమ్ ఫోన్లు మోగుతూనే ఉంటాయి. అందుకే పి50, పి95, పి99 అనే పర్సంటైళ్ళు పెట్టుకోవాలి. పి99 అంటే నూటికి 99 రిక్వెస్టులు ఆ సమయంలోపే పూర్తయ్యాయని.

అయితే ఇల్లలకగానే పండగ కాదు. పి99 పెట్టాక వచ్చే తప్పులు వేరే ఉన్నాయి. మొదటిది, ఒక్కో సర్వర్ పి99 తీసుకుని వాటికి సగటు కట్టడం. పది రిక్వెస్టులు చూసిన సర్వర్‌కీ పదివేలు చూసిన సర్వర్‌కీ సమాన బరువు ఇస్తే వచ్చే అంకెకు అర్థమే ఉండదు. ముందు అన్ని సర్వర్ల హిస్టోగ్రామ్ బకెట్లు (ఎంత సమయంలోపు ఎన్ని రిక్వెస్టులు పూర్తయ్యాయన్న లెక్కలు) కూడాలి, ఆ తర్వాతే పర్సంటైల్ తీయాలి.

రెండోది మరీ గమ్మత్తైనది. ప్రొమీథియస్‌కి గో భాషలో ఉన్న క్లయింట్ లైబ్రరీలో డీఫాల్ట్ బకెట్లు 5 మిల్లీసెకన్ల నుంచి 10 సెకన్ల వరకు ఉంటాయి. ఆపై ఉన్నదల్లా అనంతం అనే ఒకే బకెట్‌లోకి పోతుంది. నిజమైన పి99 అక్కడ పడితే క్వెరీ ఇచ్చే జవాబు సరిగ్గా 10 సెకన్లు. అసలు సంఖ్య 12 కావచ్చు, 45 కావచ్చు. గీత 10 దగ్గర చదునుగా నిలబడితే “పోనీలే, పెరగడం లేదు” అనుకుంటారు. నిజానికి అక్కడ అయిపోయింది కొలబద్ద. మీ సర్వీస్ టైమవుట్ 30 సెకన్లయితే బకెట్లు అక్కడిదాకా ఉండాలి.

అపోహ: ఎర్రర్ ప్యానెల్‌లో సున్నా ఉంటే ఎర్రర్లు లేనట్టే

సర్వీస్ చచ్చిపోతే ఎర్రర్లు కూడా రావు! మెట్రిక్ పంపేవాడే లేనప్పుడు ప్యానెల్‌లో “నో డేటా” అని వస్తుంది. అది చూడ్డానికి బాగోలేదని చాలామంది క్వెరీ చివర “లేకపోతే సున్నా చూపించు” అని ఓ ముక్క తగిలిస్తారు. అంతే, ఆ రోజు నుంచి ఎర్రర్లు లేకపోవడం, సర్వీసే లేకపోవడం రెండూ ఒకే ఆకుపచ్చ సున్నా. నాకు వీటన్నిటిలోకీ చిరాకు తెప్పించేది ఇదే. తెర అందంగా ఉండాలని సమాచారాన్ని చెరిపేయడం ఏం న్యాయం?

ఇంకో చిక్కు ఉంది. ఒక రకం ఎర్రర్ మొదటిసారి వచ్చేదాకా ఆ లేబుల్‌తో సిరీసే (ఆ రకానికి విడి లెక్కే) పుట్టకపోవచ్చు. పుట్టడమే 1తో పుడుతుంది. ప్రొమీథియస్‌లోని రేట్, ఇంక్రీజ్ ఫంక్షన్లు రెండు శాంపిళ్ళ మధ్య తేడా చూస్తాయి గానీ, “లేదు” నుంచి “ఒకటి”కి వచ్చిన తేడా వాటికి కనబడదు. అంటే అరుదుగా వచ్చే ఎర్రర్, అందులోనూ మొట్టమొదటిది, గ్రాఫ్‌లో మాయం. మందు సులువే: ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే ముందుగా తెలిసిన ఎర్రర్ రకాలన్నిటికీ కౌంటర్‌ను సున్నాతో సృష్టించాలి. ఎర్రర్ ప్యానెల్ పక్కనే ట్రాఫిక్ ప్యానెల్ పెట్టాలి. స్క్రేప్, అంటే ప్రొమీథియస్ వచ్చి మెట్రిక్స్ తీసుకెళ్ళడం, ఫెయిలైతే అప్ అనే మెట్రిక్ సున్నా అవుతుంది, దాని మీద అలర్ట్ తప్పనిసరి.

అపోహ: వారం రోజుల గ్రాఫ్‌లో స్పైక్ (ఉన్నట్టుండి ఎగసిన గీత) లేదంటే వారమంతా స్పైక్ రానట్టే

వారానికి 10,080 నిమిషాలు. ప్యానెల్ సుమారు వెయ్యి పాయింట్లు గీస్తుందనుకుంటే ఒక్కో పాయింట్ మధ్య దూరం దాదాపు పది నిమిషాలు. క్వెరీలో రేట్‌కి ఒక్క నిమిషం విండో (వెనక్కి చూసే నిడివి) రాసి ఉంటే ప్రతి పదిలో ఒక్క నిమిషమే లెక్కలోకి వస్తుంది, మిగతా తొమ్మిదింటినీ ఎవరూ చూడరు. పేజీ రిఫ్రెష్ చేసినప్పుడల్లా గ్రాఫ్ ఆకారం మారుతోందంటే అనుమానించాల్సింది దీన్నే. గ్రఫానా 7.2 నుంచి రేట్ ఇంటర్వెల్ అనే వేరియబుల్ ఉంది. అది పాయింట్ల మధ్య దూరాన్ని బట్టి విండోను సాగదీస్తుంది, స్క్రేప్ ఇంటర్వెల్‌కి కనీసం నాలుగు రెట్లు ఉండేలా చూస్తుంది. దాంతో ఏ నిమిషమూ జారిపోదు గానీ, చిన్న స్పైక్ పది నిమిషాల సగటులో కరిగిపోతుంది. శిఖరాలే కావాలంటే గరిష్ఠ విలువ తీసే క్వెరీ విడిగా రాసుకోవాలి.

మెమరీ, సీపీయూ గురించి రెండు ముక్కలు

లైనక్స్‌లో “మెమరీ 95 శాతం” అని ఎరుపు చూపించే ప్యానెళ్ళు చాలావరకు ఉత్త హడావిడే. ఖాళీ మెమరీని కెర్నెల్ ఫైళ్ళ క్యాష్‌కి వాడుకుంటుంది, అవసరమైతే వదిలేస్తుంది. చూడాల్సింది ఫ్రీ కాదు, అవైలబుల్. 2014లో వచ్చిన కెర్నెల్ 3.14 నుంచి ఆ అంకె విడిగా దొరుకుతోంది.

సీపీయూ కథ దీనికి తిరగేసి. కంటెయినర్‌కి ఒక సీపీయూ లిమిట్ పెడితే ప్రతి 100 మిల్లీసెకన్లకూ 100 మిల్లీసెకన్ల సీపీయూ సమయం కోటాగా దక్కుతుంది. నాలుగు థ్రెడ్లు ఒకేసారి పరిగెడితే ఆ కోటా 25 మిల్లీసెకన్లలోనే అయిపోయి, మిగతా 75 చేతులు కట్టుకు కూర్చోవాలి. ఇలాంటి పోటు అప్పుడప్పుడే వస్తే సగటు గ్రాఫ్ తక్కువే చూపిస్తుంది, లేటెన్సీ మాత్రం ఎగురుతుంది. ఇలా కోటా అయిపోయి ఆగడమే థ్రాట్లింగ్, దానికో ప్యానెల్ పెట్టుకోండి.

అపోహ: ఎవరికి కావలసిన డాష్‌బోర్డ్ వాళ్ళు చేసుకుంటే పోతుంది

చేసుకోనివ్వండి, కానీ ప్రయోగాలకు వేరే ఫోల్డర్ ఇవ్వండి. లేకపోతే ఒకే సర్వీస్‌కి “కాపీ”, “కాపీ-2”, “కొత్తది”, “ఫైనల్” అని నాలుగు తయారవుతాయి. ఇన్సిడెంట్ మధ్యలో ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి తెరిచి ఎర్రర్ రేట్ మీద వాదించుకుంటారు. ఒక సర్వీస్‌కి అధికారిక డాష్‌బోర్డ్ ఒక్కటే, అలర్ట్‌లోని లింక్ నేరుగా దానికే వెళ్ళాలి. దాన్ని వర్ణించే జేసన్ ఫైల్ గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే చోట) ఉండాలి, మార్పు రివ్యూ అయ్యాకే రావాలి. ఇలా ఫైల్ ద్వారా ప్రొవిజన్ (ఏర్పాటు) చేసిన డాష్‌బోర్డును గ్రఫానా డీఫాల్ట్‌గా తెర మీంచి సేవ్ చేయనివ్వదు. దీనికి టీమ్‌లో సణుగుడు వస్తుంది, రానివ్వండి. స్టేజింగ్‌కి (విడుదలకు ముందు పరీక్షించే చోటుకి) ఒకటి, ప్రొడక్షన్‌కి (యూజర్లు వాడే చోటుకి) ఒకటి అని కూడా విడిగా చేయకండి, పైన డ్రాప్‌డౌన్ వేరియబుల్ చాలు. డిప్లాయ్ (కొత్త కోడ్ విడుదల) జరిగినప్పుడల్లా గ్రాఫ్ మీద నిలువు గీత పడేలా యానొటేషన్ పెట్టండి, “ఇందాక ఎవరైనా ఏమైనా మార్చారా?” అన్న ప్రశ్న సగం తగ్గుతుంది. టీమ్ వేర్వేరు దేశాల్లో ఉంటే టైమ్‌జోన్ యూటీసీకి బిగించేయండి.

ఎవరూ తెరవని డాష్‌బోర్డులను “పాతవి” అనే ఫోల్డర్‌లోకి తోసి, ఒక క్వార్టర్ ఆగి, ఎవరూ అడగకపోతే తీసేయండి. జేసన్ ఎలాగూ గిట్‌లో ఉంటుంది.