మెదడులోని కొవ్వు, మనం తినే కొవ్వు, వేసుకునే మందులు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నరాల వైద్యం చేస్తున్న నా దగ్గరికి జనగామ, పరకాల, నర్సంపేట, ములుగు వైపుల నుంచి వచ్చేవారిలో చాలామంది ఒకే భయాన్ని వెంట తెచ్చుకుంటారు. కొవ్వు తగ్గించే మందు వాడితే మెదడు దెబ్బతింటుందన్నదే ఆ భయం. నరాల్లోని కొవ్వుకు నిజంగా హాని చేసే మందులు, రసాయనాలు వేరే ఉన్నాయి. వాటిలో కొన్ని ఇళ్లలోనూ, చేలలోనూ, బడి సంచుల్లోనూ ఉంటాయి, కానీ వాటి గురించి అడిగేవారు అరుదు.

మెదడులోని నీటిని తీసివేస్తే మిగిలేదానిలో సగానికి పైగా కొవ్వు పదార్థాలే ఉంటాయి. అది పొట్ట చుట్టూ పేరుకునే నిల్వ కొవ్వు కాదు. కొంత ప్రతి కణానికీ పొరగా ఉంటుంది, కొంత నరాల పోగుల చుట్టూ మైలిన్ అనే తొడుగుగా చుట్టుకొని ఉంటుంది. కరెంటు తీగ మీది తొడుగు ఊడితే ఏమవుతుందో, మైలిన్ పాడైతే నరంలో ప్రసారానికి అదే అవుతుంది.

అపోహ: కొలెస్ట్రాల్ గోలీలు మెదడులోని కొవ్వును కరిగించి మతిమరుపు తెస్తాయి.

"సారూ, ఈ గోలి ఏసుకుంటే యాదిమరుపు వస్తదట కదా, మా బిడ్డ ఫోన్ల చూసి చెప్పింది" అని పక్షవాతం వచ్చి కోలుకుంటున్న పెద్దమనిషి అడిగినప్పుడు, ఆ ప్రశ్నను కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు, ఎందుకంటే అందులో కొంత తర్కం ఉంది. మన బరువులో సుమారు రెండు శాతమే ఉండే మెదడులో, ఒంట్లోని మొత్తం కొలెస్ట్రాల్‌లో దాదాపు ఐదో వంతు ఉంటుంది. కాబట్టి కొలెస్ట్రాల్ తగ్గించే మందు అక్కడా తగ్గిస్తుందేమోనన్న అనుమానం సహజమే.

అయితే రక్తంలోని కొలెస్ట్రాల్ మెదడులోకి వెళ్లదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువులను లోపలికి రానివ్వదు. మెదడు తనకు కావలసిన కొలెస్ట్రాల్‌ను తానే తయారు చేసుకుంటుంది. ఒకసారి మైలిన్‌లో చేరిన కొలెస్ట్రాల్ చాలా నెమ్మదిగా, నెలలు, సంవత్సరాల మీద మారుతుంది. మిగులును మెదడు కణాలే కొద్దిగా మార్చి రక్తంలోకి పంపేస్తాయి. అందువల్ల రక్త పరీక్షలో అంకె 240 నుంచి 140కి దిగినంత మాత్రాన మెదడులో కొవ్వు ఆ మేరకు తరిగిపోదు.

కొలెస్ట్రాల్ తగ్గించే ఈ గోలీలను స్టాటిన్లు అంటారు. వాటిలో సింవాస్టాటిన్ వంటివి కొవ్వులో కరిగే గుణం వల్ల మెదడులోకి కొంత చేరగలవు, రోసువాస్టాటిన్, ప్రవాస్టాటిన్ వంటివి తక్కువగా చేరతాయి. బ్రిటన్‌లో 20,536 మందితో జరిగి 2002లో వెలువడిన హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో, సుమారు ఐదేళ్లు సింవాస్టాటిన్ వాడినవారికీ ఉత్తుత్తి మాత్ర వాడినవారికీ జ్ఞాపకశక్తి పరీక్షల్లో తేడా కనిపించలేదు. 70 ఏళ్లు దాటినవారికి ప్రవాస్టాటిన్ ఇచ్చి చూసిన ప్రాస్పర్ పరీక్షలోనూ అంతే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో ఈ మందుల కరపత్రంలో మతిమరుపు ఫిర్యాదుల ప్రస్తావన చేర్చిన మాట నిజమే. అవి అరుదైనవనీ, మందు ఆపితే తగ్గిపోయేవనీ కూడా అదే కరపత్రం చెబుతుంది. ఎవరికైనా మందు మొదలుపెట్టాక మనసు మసకబారినట్టు అనిపిస్తే నాకు చెప్పాలి, మందు మార్చి చూడవచ్చు. చెప్పకుండా ఆపేయడం మాత్రం ప్రమాదకరం. రక్తనాళంలో గడ్డ కట్టి పక్షవాతం వచ్చినవారు స్టాటిన్ మానేస్తే అది మళ్లీ వచ్చే అవకాశం పెరుగుతుంది, ఒక్కొక్క పక్షవాతమూ మెదడులో కొంత భాగాన్ని శాశ్వతంగా తీసుకుపోతుంది. మతిమరుపు భయంతో మందు మానినవారికి నిజమైన మతిమరుపు ఆ దారిలోనే రావచ్చు.

అపోహ: నెయ్యి తింటే మెదడుకు బలం, అవిసె గింజలు తింటే చేప తిన్నట్టే.

నెయ్యిలో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వు. అటువంటి కొవ్వును మెదడు స్వయంగా తయారు చేసుకోగలదు. రెండేళ్లలోపు పిల్లలకు పప్పన్నంలో నెయ్యి వేసి పెట్టడం మంచి అలవాటే, ఆ వయసులో కొవ్వు తగ్గించకూడదు. మధుమేహం, రక్తపోటు ఉన్న అరవై ఏళ్ల మనిషికి మాత్రం అది మెదడు మందు కాదు.

మెదడు స్వయంగా చేసుకోలేక బయటి నుంచి తీసుకోవలసిన కొవ్వులు కొన్ని ఉన్నాయి, వాటిలో ఒమేగా-3 రకానికి చెందిన డీహెచ్ఏ ముఖ్యమైనది. దాన్ని అడ్డుగోడ దాటించి లోపలికి చేర్చే ప్రత్యేకమైన ప్రోటీన్‌ను 2014లో సింగపూర్ శాస్త్రవేత్తలు గుర్తించారు. అవిసెల్లో ఉండేది డీహెచ్ఏ కాదు, దాని పూర్వరూపం. మన శరీరం అందులో చాలా స్వల్ప భాగాన్నే డీహెచ్ఏగా మార్చుకోగలదు. అవిసె పొడి తినవద్దని నా ఉద్దేశం కాదు, అది గుండెకూ పేగులకూ మేలే. చేపలు తినేవారు వారానికి ఒకటి రెండుసార్లు తింటే చాలు. మన చెరువుల కొర్రమీను, రవ్వల్లో కంటే కొవ్వు ఎక్కువగా ఉండే సముద్రపు చేపల్లో డీహెచ్ఏ అధికం. జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఆరోగ్యవంతులు ఖరీదైన చేపనూనె గోలీలు కొనడం దండగ, పెద్ద పరీక్షల్లో ఆ ప్రయోజనం కనిపించలేదు.

అపోహ: మత్తు పదార్థాలన్నీ మెదడు కొవ్వును కరిగిస్తాయి, మానేస్తే రెండు రోజుల్లో అంతా సర్దుకుంటుంది.

ఈ మాటలోని మొదటి సగాన్ని ఒకప్పుడు శాస్త్రవేత్తలూ నమ్మారు. నూనెలో ఎంత బాగా కరిగితే మత్తు మందు అంత బలంగా పనిచేస్తుందని 1899లో హాన్స్ మేయర్, 1901లో చార్లెస్ ఓవర్టన్ చూపించారు. మత్తు కణాల కొవ్వు పొరలోనే పుడుతుందని ఆ తర్వాత చాలాకాలం భావించారు. 1984లో ఫ్రాంక్స్, లీబ్ అనే ఇద్దరు, కొవ్వు ఏమాత్రం లేని ఒక ప్రోటీన్ మీద కూడా మత్తు మందులు పనిచేస్తాయని నిరూపించడంతో ఆ ఆలోచన మారింది. ఉత్తర తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డయాజెపాం కూడా కొవ్వును కరిగించవు, నరకణాల మీది ఒక గ్రాహక ప్రోటీన్‌కు అతుక్కొని పనిచేస్తాయి. ఏళ్ల తరబడి తాగినవారి మెదడు ఆ మందుకు అలవాటు పడి ఉంటుంది. దుకాణం మూతపడిన రోజున ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, వణుకు, లేనివి కనిపించడం, తిక్క మాటలు మొదలు కావచ్చు. ఇంట్లోవాళ్లు దాన్ని గాలి సోకడంగా భావించి రెండు రోజులు పోగొట్టుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. అటువంటి మనిషిని వెంటనే ఆస్పత్రికి తేవాలి, మందును క్రమంగా తగ్గించుకుంటూ మాన్పించాలి.

నిజంగా మైలిన్‌ను పాడుచేసే మత్తు వేరే ఉంది. పిల్లలు రుమాలులో వేసి పీల్చే వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ వంటివాటిలో తరచుగా ఉండే టోలీన్, దీర్ఘకాలం పీల్చినవారి మెదడులో మైలిన్ ఎక్కువగా ఉండే తెల్లని భాగాన్ని దెబ్బతీస్తుంది. నడక తూలుతుంది, చేతులు వణుకుతాయి, చదువు తలకెక్కదు, ఇలా పోయినదానిలో కొంత మళ్లీ తిరిగి రాదు.

అపోహ: షుగర్ గోలీలకూ, గ్యాస్ గోలీలకూ నరాలతో సంబంధం లేదు. తిమ్మిర్లు షుగర్ వల్లనే.

తిమ్మిర్లకు షుగర్ పెద్ద కారణమే, కాదనను. కానీ ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలి వాడేవారిలోనూ, ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి గ్యాస్ గోలీలు రోజూ వేసుకునేవారిలోనూ విటమిన్ బి12 ఒంటబట్టడం తగ్గుతుంది. మాంసాహారం ముట్టనివారికి నిల్వలు మొదటి నుంచే తక్కువ. కొవ్వు ఆమ్లాల విచ్ఛిన్నంలో ఒక మెట్టుకూ, మైలిన్ కొవ్వులకు అవసరమైన మిథైల్ అనే చిన్న రసాయన భాగం సరఫరాకూ బి12 కావాలి. అది లేకపోతే వెన్నుపాములోని మైలిన్ ఉబ్బి చీలిపోతుంది.

దీన్ని కనిపెట్టడానికి ముందు నేను వాడేది చిన్న ఇనుప పంగలకర్ర ఆకారంలో ఉండే ట్యూనింగ్ ఫోర్క్. దాన్ని మోగించి కాలి బొటనవేలి ఎముక మీద ఆనిస్తే అదురు తెలియాలి. తెలియనివారిని, ముఖం మీద నీళ్లు చల్లుకుంటూ కళ్లు మూసుకున్నప్పుడు తూలిపోతారా అని అడుగుతాను. "అవును సార్, గోడ పట్టుకుంటున్న" అంటే, రక్తంలో బి12 చూడకుండా వారిని పంపను. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, నరాల నష్టం లోపల సాగుతూనే ఉంటుంది. ఊళ్లో అందరికీ ఒకే తీరుగా పొడిచే బలం సూదిలో బి12 ఉందో లేదో, ఎంత ఉందో అడిగి తెలుసుకోండి. మెట్‌ఫార్మిన్‌ను మాత్రం ఆపకూడదు, అది మంచి మందు. ఏడాదికోసారి బి12 పరీక్ష చేయించి, తక్కువైతే విటమిన్ కలుపుకోవాలి.

గుండె లయ కోసం ఇచ్చే అమియోడరోన్ నరాల తొడుగు కణాల్లో కొవ్వును పేరుకునేలా చేయగలదు. దాన్ని వాడేవారు కొత్తగా తిమ్మిర్లు, వణుకు వస్తే గుండె వైద్యుడికి చెప్పాలి.

అపోహ: పురుగుమందు విషం తగ్గి ఇంటికి వెళ్తే గండం గడిచినట్టే.

పత్తి పండించే మన జిల్లాల్లో ఇది తెలియవలసిన విషయం. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు ఏ కారణం చేతనైనా పెద్ద మోతాదులో ఒంట్లోకి చేరినప్పుడు నోటి వెంట సొంగ, చెమట, ఊపిరి అందకపోవడం మొదట కనిపిస్తాయి. చికిత్సతో అవి తగ్గుతాయి. అయితే ఈ రకం పురుగుమందుల్లో క్లోర్‌పైరిఫాస్ వంటి కొన్ని, నరకణాల్లో కొవ్వు పొరల బాగోగులు చూసే ఒక ఎంజైమును శాశ్వతంగా స్తంభింపజేస్తాయి. దాని ఫలితం వెంటనే తెలియదు. రెండు మూడు వారాల తర్వాత పిక్కలు గుంజుతాయి, అరికాళ్లు మొద్దుబారుతాయి, ఆ తర్వాత పాదం పైకి లేవక చెప్పు జారిపోతుంది. 1988లో కలకత్తాలోని బెహలాలో ఇదే కుటుంబానికి చెందిన రసాయనం కలిసిన వంటనూనె తిని వందలమందికి కాళ్లు పడిపోయింది ఇదే ఎంజైము దెబ్బతినడం వల్ల.

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు మూడో వారంలో మళ్లీ రమ్మని వైద్యుడు చెప్పకపోయినా మీరే రండి. ఈ నరాల దెబ్బకు విరుగుడు మందు లేదు గానీ, పాదం వాలిపోతున్న దశలోనే వ్యాయామమూ, పాదానికి ఆధారపట్టీ మొదలుపెడితే కీళ్లు బిగుసుకుపోకుండా కాపాడవచ్చు.