గింత రాయికే బండి ఎందుకు ఆగుతది?

"మా తమ్ముని వీల్‌చైర్ ఆఫీసుల మంచిగ తిరుగుతది సార్. సోమశిలకు తీస్కపోతె కృష్ణ ఒడ్డుకాడ గింత రాయికే ఆగిపాయె. ఎందుకట్ల?" కల్వకుర్తి నుంచి ఒకాయన ఫోన్‌లో అడిగిన ప్రశ్న ఇది. బడిలో మేం "బలం ఇంటూ లంబదూరం" అని బట్టీ పట్టించి వదిలేసే పాఠంలోనే దీని జవాబుంది.

వీల్‌చైర్ ముందు చక్రం చిన్నది, 6 అంగుళాలు అనుకుందాం. అంటే ఇరుసు నేలకు 3 అంగుళాల ఎత్తులో ఉంటుంది. ఎదురుగా అంగుళం ఎత్తు రాయి వచ్చింది. ఇప్పుడు రాయి అంచే మీట ఆనే చోటు. లంబదూరం అంటే ఆ ఆనే చోటు నుంచి బలం పనిచేసే గీతకు నిట్టనిలువుగా కొలిచే దూరం. మన తోపు ఇరుసు ఎత్తులో అడ్డంగా పడుతుంది, దానికి దక్కే లంబదూరం 3లోంచి 1 తీసేస్తే 2 అంగుళాలు. కిందికి లాగే బరువుకు దక్కేది రాయి అంచు నుంచి ఇరుసు దాకా అడ్డంగా ఉన్న దూరం, 2.24 అంగుళాలు. బరువుదే పైచేయి. ముందు చక్రాల మీద 30 కిలోలు పడితే, ఎక్కించడానికి 33 కిలోలకు పైగా తోయాలి.

అంతే బరువు పడితే, అదే రాయిని 24 అంగుళాల వెనక చక్రం 13 కిలోల తోపుతో ఎక్కేస్తుంది. ఐదడుగుల ఎడ్లబండి గీరెకైతే 8 కిలోలు చాలు. మన తాతలు గీరెను అంత పెద్దగా ఊరికే చేయలేదు! రాయి 2 అంగుళాలైతే చిన్న చక్రానికి 85 కిలోలు కావాలి. 3 అంగుళాలైతే మన తోపు సూటిగా రాయి అంచుకే తగులుతుంది, లంబదూరం సున్నా. ఏనుగు తోసినా ఎక్కదు. ఇసుకలో కథ ఇంకా ఘోరం: చక్రం దిగబడి, తాను చేసుకున్న గుంటలోంచి తానే అడుగడుగునా ఎక్కుతూ ఉండాలి.

చేత్తో పెడల్ తిప్పే మూడు చక్రాల బండి మన ఊరి బాటల మీద నడిచేది అందుకే, దాని ముందు చక్రమూ పెద్దదే. కానీ అది ఆఫీసు తలుపులో పట్టదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఖాళీల్లో కనీసం 4 శాతం కేటాయించింది. ఆఫీసుకు ర్యాంపు కావాలన్నా లెక్కుంది: అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. అదే చట్టం 29వ సెక్షన్‌లో ఆరుబయట క్యాంపులు, సాహస కార్యక్రమాల మాట కూడా ఉంది. అది చాలామందికి తెలియదు. ఉద్యోగం వచ్చిందిగా, ఇంకా ఏటి ఒడ్డు ఎందుకంటారు. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు నడుము బిగుసుకుపోయినవాళ్లను చూసి 'పూర్వజన్మ పాపం' అనేవాళ్లూ ఉన్నారు. పాపం బోరునీళ్లది, దానికి రాతిలోని ఫ్లోరైడ్ కారణం.

కుర్చీని వెనక్కి తిప్పి లాగమని ఆయనకు చెప్పాను. అప్పుడు పెద్ద చక్రాలు ముందుగా రాయినెక్కుతాయి, లాగే చెయ్యి కొంత బరువు పైకి కూడా ఎత్తుతుంది. మొన్న మళ్లీ ఫోన్ చేశారు. నీళ్ల దాకా పోయారట.

"కని సార్, దారి పొడుగూత తమ్ముని మొఖం బస్సు దిక్కే ఉండె."